సిరంజితో పెరిగే పిల్ల

రాజమండ్రిలో మా బావ వాళ్ల వంటింట్లో ఫ్రిజ్ పక్కన ఒక క్యాలెండరు వేలాడుతుంటుంది. పాల లెక్క రాసుకునే గళ్లలో గ్రాములు రాసి ఉంటాయి. 452, 449, 450, 438, 421. ఒక గడిలో 388 అని రాసి, దాని చుట్టూ ఎర్ర పెన్నుతో రెండుసార్లు గీశారు. అవి వాళ్లింటికొచ్చిన ఆఫ్రికన్ గ్రే చిలుక పిల్ల బరువులు. పదకొండు వారాల వయసులో, సొంతంగా తినడం ఇంకా రాని పిల్లను అట్టపెట్టెలో పెట్టి, దాంతోపాటు ఒక సిరంజి, ఒక పొడి డబ్బా ఇచ్చి పంపాడు అమ్మినాయన. "మీ చేత్తో పెడితేనే సార్ మీకు మచ్చికయ్యేది. మూడు నెలలు నిండగానే ఆపేయండి, అదే తింటుంది" అన్నాడట.

అతను కావాలని మోసం చేశాడని నేననను. ఈ రెండు మాటలూ చిలుకల వ్యాపారంలో ఎప్పటి నుంచో చెల్లుబాటవుతున్నవే. కానీ వాటిలో మొదటిది పరిశోధనల ముందు నిలవలేదు. రెండోది లెక్కల్లో పొరపాటు, ఆ పొరపాటుకు పిల్లలు చచ్చిపోతాయి. గ్రే పిల్లను ఇంట్లో పెంచడం గురించి పెంపకందారులూ, పశువైద్యులూ, శాస్త్రవేత్తలూ ఇన్నేళ్లలో తేల్చిందంతా చివరికి ఈ రెండు మాటల చుట్టూనే తిరుగుతుంది.

ముందు లెక్క సంగతి. అడవిలో గ్రే చిలుక పెద్ద చెట్టు తొర్రలో రెండు నుంచి నాలుగు గుడ్లు పెడుతుంది. ఆడది సుమారు నాలుగు వారాలు పొదుగుతుంటే మగది మేత తెచ్చి దాని నోట్లో పెడుతుంది. బొచ్చు కూడా సరిగా లేకుండా, కళ్లు మూసుకుని పుట్టిన పిల్ల దాదాపు పన్నెండు వారాలకు తొర్ర వదిలి ఎగురుతుంది. మూడు నెలలన్న గడువు ఇక్కడి నుంచే వచ్చింది. అయితే అది తొర్ర వదిలే రోజే తప్ప ముద్ద మానే రోజు కాదు. బయటికొచ్చాక కూడా తల్లిదండ్రులు వారాల తరబడి పిల్లకు మేత అందిస్తూనే ఉంటాయి. ఏ కాయ తినాలో, దాని తొక్క ఎలా ఒలవాలో పక్కన కూర్చోబెట్టుకుని చూపిస్తాయి. ఎగరడం వచ్చిన రోజునే తినడమూ వచ్చేసిందనుకోవడం, నడక నేర్చిన పిల్లాడిని హోటలుకు పంపి నీ భోజనం నువ్వే చూసుకోమన్నట్టు ఉంటుంది.

గ్రే అన్న పేరుతో మన దగ్గర అమ్మేవి నిజానికి రెండు జాతులు. కాంగో గ్రే పెద్దది, సుమారు 33 సెంటీమీటర్ల పొడవు, 400 నుంచి 500 గ్రాముల బరువు, రక్తం రంగు తోక. టిమ్నే కాస్త చిన్నది. దాని ఒళ్లు ముదురు బూడిద రంగు, తోక నేరేడు మరకలా ముదురు ఎరుపు, పైముక్కు లేత కొమ్ము రంగు. రెండింటి పిల్లలకూ కళ్లు మొదట నల్లగా ఉంటాయి, తర్వాత బూడిద రంగుకు వచ్చి, ఏడాది రెండేళ్లకు లేత పసుపుకు తిరుగుతాయి. "ఏడాది పిల్ల" అని చెప్పి నల్లకళ్ల పిల్లను చూపిస్తే అనుమానించాలి.

ఇక మొదటి మాట. సిరంజితో ముద్ద పెట్టే అలవాటు ప్రేమలోంచి పుట్టలేదు, లెక్కల్లోంచి పుట్టింది. 1975 తర్వాత ఆఫ్రికా అడవుల నుంచి పది లక్షలకు పైగా గ్రే చిలుకలు పట్టుబడి విదేశాలకు వెళ్లాయి. 1992లో అమెరికా అడవి పక్షుల దిగుమతిని చట్టం చేసి కట్టడి చేసింది. ఐరోపా సమాఖ్య 2005లో బర్డ్ ఫ్లూ భయంతో తాత్కాలికంగా ఆపి, 2007లో శాశ్వతంగా మూసేసింది. అడవి పిట్టల రాక తగ్గేకొద్దీ పంజరాల్లో పిల్లలు తీయించడం పెద్ద వ్యాపారమైంది. రెండు మూడు వారాల పిల్లలను గూట్లోంచి తీసేస్తే జంట మళ్లీ గుడ్లు పెడుతుంది, ఏడాదికి ఒక విడత బదులు రెండు మూడు విడతల పిల్లలు వస్తాయి. తీసేసిన పిల్లలను మనిషి పెంచాలి కాబట్టి వాటిని వెచ్చగా ఉంచే బ్రూడరు పెట్టే, సిరంజీ వచ్చాయి. మనిషి చేతిలో పెరిగిన పిల్ల కొనేవాడి భుజం మీద వెంటనే వాలుతుంది కాబట్టి ధర కూడా బాగానే పలికింది. పెంపకందారుకు ఆ పని బరువైనప్పుడు, ముద్ద మానని పిల్లను కొనేవాడికే అప్పగించి, అదేదో వరమన్నట్టు చెప్పడం మొదలైంది.

సిరంజి పట్టకపోతే మచ్చిక కాదా? కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో 1990ల చివర అమెజాన్ చిలుకల మీద చేసిన పని దీనికి సూటిగా జవాబిచ్చింది. పిల్లలను తల్లిదండ్రుల దగ్గరే ఉంచి, రోజూ కాసేపు గూట్లోంచి తీసి చేతిలో ఆడించి మళ్లీ గూట్లో పెట్టారు. ముద్ద మాత్రం తల్లిదండ్రులే పెట్టాయి. ఆ పిల్లలు మనుషులకు బెదరకుండా పెరిగాయి. అంటే మచ్చిక చేతిలోంచి వస్తుంది, సిరంజిలోంచి కాదు. గ్రే చిలుకల మీదే స్విట్జర్లాండులో జరిగి 2006లో వెలువడిన అధ్యయనం ఇంకో అడుగు ముందుకేసింది. అయిదు వారాలు కూడా నిండకముందే తల్లి నుంచి వేరు చేసిన పిల్లలు పెద్దయ్యాక ఒకే పనిని అర్థం లేకుండా తిరిగి తిరిగి చేసే జబ్బులాంటి అలవాట్లలో ఎక్కువగా పడ్డాయి. చేతి పెంపకపు పిట్టలు ఇంట్లో ఒకరినే పట్టుకుని మిగతావాళ్ల మీదికి లేచే స్వభావం కూడా చూపాయి. మన ఇళ్లలో "అయ్యగారి చిలుక, అమ్మగారిని కరుస్తుంది" అని నవ్వుతూ చెప్పే సంగతి అదే. ఆ నవ్వు నాకు రాదు, నలభై యాభై ఏళ్లు బతికే పిట్ట అది.

నెదర్లాండ్స్ ఈ వాదన విని, నిర్ణీత వయసు రాకముందే చిలుక పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరు చేయకూడదని 2014లో నిబంధన తెచ్చింది. ముద్ద మానని పిల్లలను అమ్మకూడదన్న నిబంధన కాలిఫోర్నియాలో ఉంది. మన దగ్గర ఈ చర్చ ఇంకా మొదలు కాలేదు.

ప్రపంచంలో అందరికన్నా పేరు తెచ్చుకున్న గ్రే చిలుకనే చూడండి. శాస్త్రవేత్త ఐరీన్ పెపర్‌బర్గ్ 1977లో షికాగోలోని ఒక దుకాణంలో ఆలెక్స్‌ను కొన్నప్పుడు దానికి దాదాపు ఏడాది వయసు. ఆమె దానికి ఒక్క ముద్దయినా సిరంజితో పెట్టలేదు. 2007లో చనిపోయేలోపు అది వందకు పైగా మాటలు అర్థం తెలిసి వాడింది, రంగులు, ఆకారాలు, ఆరు వరకు లెక్క చెప్పింది. ఇద్దరు మనుషులు దాని ఎదుట ఒక వస్తువు గురించి మాట్లాడుకోవడం, దాని కోసం పోటీ పడటం, అది విని నేర్చుకోవడం, ఇదీ ఆమె పద్ధతి. ముద్ద మానిన పిట్టతో బంధం కుదరదనేవాళ్లకు ఇంతకన్నా పెద్ద సాక్ష్యం నా దగ్గర లేదు.

ఇదంతా చెప్పినా, పిల్ల ఇంటికి వచ్చేశాక ఈ వాదనలతో దాని కడుపు నిండదు. మా బావ నన్ను పిలిచింది అప్పుడే. "పుస్తకాలు చదువుతావుగా, వచ్చి చూడు" అన్నాడు. వెళ్లేసరికి వంటింటి గట్టు మీద గిన్నెలో పొడి కలిపి, చుక్క మణికట్టు మీద వేసుకుని చూస్తున్నాడు, పసిపిల్లల పాలసీసా చూసినట్టు. గ్రే పిల్లకు ఆ పద్ధతి పనికిరాదు. ముద్ద 39 నుంచి 41 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. అంతకన్నా చల్లబడితే పిల్ల నోరు తిప్పుకుంటుంది, తిన్నా మెడ కింద మేత నిలవుండే సంచి కదలక మొరాయిస్తుంది. 43 దాటితే ఆ సంచి కాలుతుంది. మన మణికట్టుకు ఆ నాలుగు డిగ్రీల తేడా తెలియదు. మైక్రోవేవ్‌లో వేడి చేస్తే ఇంకా ఘోరం, పైన గోరువెచ్చగా, లోపల ఒకచోట మరుగుతూ ఉంటుంది. కాలిన సంగతి ఆ పూట బయటపడదు. కొన్ని రోజుల తర్వాత రొమ్ము మీద ఈకలు తడిసి, చర్మం నల్లబడి, చివరికి చిల్లుపడి తిన్నదంతా బయటికి కారుతుంది. అప్పుడిక కుట్లేయాల్సిందే. ఆ రోజే మెడికల్ షాపుకెళ్లి డిజిటల్ థర్మామీటరు తెచ్చాం. అది 42 దగ్గర ఆగిపోయేది కావడంతో మళ్లీ వెళ్లి వంటకు వాడేది వెతికి తెచ్చాం.

రెండో ప్రమాదం ఊపిరితిత్తుల్లోకి పోవడం. ఆకలిగొన్న పిల్ల ముక్కు మొదట్లో వేలు తగలగానే తల కిందికీ పైకీ గబగబా ఊపుతుంది. ఆ ఊపు ఉన్నంతసేపే గొంతులో ఊపిరి దారి మూసుకుని ఉంటుంది. మన ఎడమవైపు కాదు, పిల్ల ఎడమవైపు నుంచి సిరంజి పెట్టి కుడివైపుకు వంచి వదలాలి, అన్నవాహిక మెడలో కుడిపక్కన ఉంటుంది కాబట్టి. ఊపు ఆగిందంటే చెయ్యి ఆపాలి. మా బావ చేసే తప్పల్లా చివరి అయిదు మిల్లీలీటర్లూ పెట్టేయాలనుకోవడం. "ఇంకొక్కటి, ఇంకొక్కటి" అని పెడుతుంటే, పిల్ల నోరు మూసుకుని పక్కకు తిరగబోతోంది. మనవళ్లకు గోరుముద్దలు పెట్టిన చేతికి ఆ ఆఖరి ముద్ద మానుకోవడం కష్టమే. కానీ ఇక్కడ ఆ ముద్ద న్యుమోనియా అవుతుంది. పూటకు దాని బరువులో పదో వంతు చాలు. రోజులో ఒక్కసారైనా ఆ సంచి పూర్తిగా ఖాళీ కావాలి, లేకపోతే అడుగున మిగిలింది పులిసి బూజు పడుతుంది.

ఏం కలపాలన్నది ఒకప్పుడు పెద్ద గొడవే. తాటిచెట్టు తొర్రలోంచి రామచిలుక పిల్లలను దింపి, పాలలో నానబెట్టిన రొట్టె, పప్పన్నం, ఆఖరికి నోట్లో నమిలిన అన్నం పెట్టి పెంచిన ఊళ్లు మనవి. పక్షులు పాలచక్కెరను అరిగించుకోలేవు. మనిషి ఉమ్మిలోని సూక్ష్మక్రిములు పిల్లకు విషంతో సమానం. పసిపిల్లల డబ్బా ఆహారమూ ఈకలు మొలిచే పిల్ల కోసం చేసింది కాదు. 1980లలో డేవిస్‌లోనే గ్రావు, రౌడీబుష్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కాకటీల్ అనే చిన్న చిలుకల పిల్లల మీద పనిచేసి, ఆహారంలో 20 శాతం ప్రొటీన్ ఉంటే బాగా ఎదుగుతాయనీ, గుడ్డు పగిలిన తొలి రోజుల్లో ముద్ద దాదాపు నీళ్లలా ఉండి, తర్వాతే చిక్కబడాలనీ చూపించారు. ఇవాళ దొరికే పొడులన్నీ ఆ దారిలో వచ్చినవే. కాబట్టి ఇది సొంత వంటకాలు ప్రయత్నించే చోటు కాదు, డబ్బా మీద రాసినట్టు కలపడమే.

అసలు ముడి ముద్ద మాన్పించడంలో ఉంది.

తల్లి రొమ్ముకు వేపాకు నూరి రాసి పాలు మాన్పించడం మన పెద్దవాళ్ల పద్ధతి. అది మాన్పించడమే, నేర్పించడం కాదు. చిలుకల పెంపకంలోనూ చాలాకాలం అదే సాగింది. వయసు లెక్కేసి సిరంజి పక్కన పెట్టేస్తే, ఆకలేసిన పిట్ట అదే తింటుందనే నమ్మకం. దీనికి ఎదురుగా, కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో చిలుకలు పెంచిన ఫీబీ గ్రీన్ లిండెన్ "అబండెన్స్ వీనింగ్" అన్న మాటను వాడుకలోకి తెచ్చారు. మన మాటల్లో చెప్పాలంటే సమృద్ధిలో మాన్పించడం. ఎనిమిదో వారం నుంచే రకరకాల తిండి కళ్లముందు పరవాలి, అది తిన్నా, చిందరవందర చేసినా ఊరుకోవాలి, సిరంజి ముద్ద మాత్రం అడిగినంతకాలం ఇవ్వాలి. పిల్లే ఒకనాడు దాన్ని వద్దంటుంది.

దీన్ని ఒప్పుకోని పెంపకందారులు ఉన్నారు, వాళ్ల మాటలోనూ పస ఉంది. కడుపు నిండుగా ఉన్న పిల్ల కొత్త తిండి జోలికి పోదు, నెలల తరబడి సిరంజి కోసం గోల చేయడం అలవాటవుతుంది అంటారు. నిజమే. అయితే దానికి మందు ముద్ద ఆపేయడం కాదు, పూట మార్చడం. ముందు మధ్యాహ్నపు ముద్ద తగ్గించాలి, తర్వాత ఉదయానిది, ఆ ఖాళీలో పళ్లెం ముందుంచాలి. రాత్రి ముద్ద అన్నిటికన్నా చివర పోవాలి, ఎందుకంటే ఖాళీ కడుపుతో చీకట్లో పన్నెండు గంటలు గడపాల్సింది పిల్లే. కాంగో గ్రేలు కొన్ని పద్నాలుగు వారాలకే మానేస్తాయి, కొన్నింటికి అయిదు నెలలు పడుతుంది. ఎవరి పిల్ల ముందు మానిందన్న పోటీ స్కూలు మార్కుల పోటీ కన్నా దండగ.

ఇందులో తీర్పు చెప్పేది వంటింటి తూకం. పొద్దున్నే, ముద్దకు ముందు, రోజూ ఒకే వేళకు తూచాలి. ఎగరడం మొదలయ్యే రోజుల్లో పిల్ల బరువు తనంతట తానే కొంత తగ్గుతుంది, ఒళ్లు తేలిక చేసుకుంటుంది. పదిశాతం వరకూ, అదీ మెల్లమెల్లగా అయితే కంగారు అక్కర్లేదు. మా బావ మూడు నెలలు నిండిన రోజు మాట ప్రకారం సిరంజి దాచేశాడు. పిల్ల పళ్లెంలో గింజలు రోజంతా కొరికి కింద పోసింది, దాన్ని తినడమనుకున్నాడు. కొరకడం వేరు, మింగడం వేరు. తొమ్మిదో రోజు పొద్దున తూకంలో 388 వచ్చింది. ఎర్ర పెన్ను అప్పుడు తీసింది మా అక్క. ఫోన్‌లో పశువైద్యుడు మూడే ప్రశ్నలడిగాడు. రొమ్ముటెముక చేతికి కత్తిలా తగులుతోందా? రెట్ట ఆకుపచ్చగా, పలచగా ఉందా? రాత్రంతా అరుస్తోందా? మూడింటికీ అవుననే చెప్పాల్సి వచ్చింది. ఆ సాయంత్రం మళ్లీ ముద్ద మొదలైంది. "అలవాటు చెడిపోతుందేమోనే" అని మా బావ గొణుగుతుంటే, "చెడితే చెడనీ, ముందు బతకనీ" అంది అక్క.

మానిన పిల్ల కూడా ఇల్లు మారితే మళ్లీ పసిదై నోరు తెరుస్తుంది. అప్పుడు సిరంజి అక్కర్లేదు, గోరువెచ్చని మెత్తటి తిండి చెంచాతో పెట్టినా చాలు. అరుపంతా ఆకలి అనుకోకూడదు. గుంపులో తినే జాతి ఇది, ఒంటరిగా పళ్లెం ముందు కూర్చోబెడితే బిక్కమొహం వేస్తుంది. మనం టిఫిన్ తినేటప్పుడు పక్కన స్టాండు మీద కూర్చోబెట్టి, దాని పళ్లెంలోంచి మనమూ ఒక జామముక్క తీసుకుని కొరికితే, గంటసేపటి బుజ్జగింపు చేయని పని అది చేస్తుంది.

ఆ పళ్లెంలోకి ఉడికించిన చిలగడదుంప, క్యారెట్, మొక్కజొన్న పొత్తు చక్రాలు, మొలకెత్తిన పెసలు, మునగాకు రెమ్మ, దానిమ్మ, నానబెట్టిన పెల్లెట్లు వేయొచ్చు. మన ఎండల్లో మొలకలు మధ్యాహ్నానికే వాసనొస్తాయి, రెండు గంటలకు మించి ఉంచకూడదు. అవకాడో, చాక్లెట్, కాఫీ, టీ దగ్గరికే రానివ్వకూడదు. గ్రేలు అడవిలో ఇష్టంగా తినేది ఆయిల్‌పామ్ పండు. ఆ చెట్టూ ఈ చిలుకా ఒకే పశ్చిమాఫ్రికా అడవుల సొత్తు. ఇవాళ ఆ తోటలు ఏలూరు జిల్లాలో కిలోమీటర్ల పొడవున ఉన్నాయి, పెదవేగిలో పరిశోధనా సంస్థే ఉంది. రాజమండ్రి పంజరంలోని పిట్టకు, గంటన్నర దూరంలో తన తాతల మేత పండుతోందని తెలియదు.

పొద్దుతిరుగుడు గింజల మీదే పెంచితే ఏమవుతుందో మాత్రం తెలుసు. ఈ జాతికి కాల్షియం కొరత ప్రత్యేక శాపం. పెద్దవాటికి ఫిట్స్ వస్తాయి, పిల్లలకు ఎముకలు వంగుతాయి. 2003లో బ్రిటన్‌లో చేత్తో పెంచిన 34 గ్రే పిల్లలకు ఎక్స్‌రేలు తీస్తే, 44 శాతం పిల్లల్లో ఏదో ఒక ఎముక వంకరగా పెరిగింది. కాల్షియం ఒంటపట్టాలంటే డి విటమిన్ కావాలి, దానికి అతినీలలోహిత కాంతి కావాలి. అద్దం కిటికీలోంచి వచ్చే ఎండ అందుకు పనికిరాదు. పొద్దుటెండలో, సగం నీడ ఉండేలా, పంజరం బాల్కనీలో పెట్టి, మనమూ అక్కడే కూర్చోవాలి. పిల్లి సంగతి చెప్పక్కర్లేదు, కాకుల సంగతి చెప్పాలి.

రెక్కలు కత్తిరించాలా వద్దా అన్నదానికి నా జవాబు ఒకటే: ముందు ఎగరనివ్వండి. ఎగరడం, దిగడం నేర్వని పిల్ల రెక్కలు కత్తిరిస్తే రాయిలా పడుతుంది, రొమ్ము చర్మం చీలుతుంది, గ్రేలకు ముందే ఉన్న పిరికితనం ముదురుతుంది. కాకపోతే తెలుగిళ్లలో ఎగిరే పిల్లకు మొదటి శత్రువు సీలింగ్ ఫ్యాను. స్విచ్ మీద టేపు అతికించడం మా అక్క కనిపెట్టిన ఉపాయం. రెండోది దోశల పెనం. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ మనకు వాసన కూడా తెలియకముందే పిట్టను చంపుతుంది. ఇనుప పెనం ఎలాగూ దోశకు మంచిది. దోమల చుట్టలు, అగరొత్తులు, శుక్రవారం సాంబ్రాణి, ఇవి వేరే గదిలోకి పోవాలి.

కొనేముందు అడగాల్సిన కాగితాల సంగతి. ఆఫ్రికన్ గ్రే 2016లో జొహానెస్‌బర్గ్ సమావేశంలో, అంతరించే జాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందమైన సైటిస్ మొదటి అనుబంధంలోకి వెళ్లింది, 2017 జనవరి నుంచి అడవి పిట్టల అంతర్జాతీయ వ్యాపారం ఆగింది. మన వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ ఈ జాతులను నాలుగో షెడ్యూలులో చేర్చింది. 2024 నిబంధనల ప్రకారం వాటిని పెంచేవాళ్లు కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి, చేతులు మారినా, పిల్లలు పెట్టినా, చనిపోయినా తెలపాలి. రామచిలుకల కథ వేరు, వాటిని పెంచడమే నేరం. గ్రే పిల్ల కాలికి అతుకు లేని రింగు ఉందో లేదో చూడాలి. కాలు చిన్నగా ఉన్న తొలి వారాల్లోనే అది ఎక్కుతుంది కాబట్టి, పంజరంలో పుట్టిందనడానికి అదో గుర్తు. పిల్ల మీ ఎదుట గింజ ఒలిచి మింగే వరకు డబ్బు ఇవ్వకండి. అమ్మేవాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

ఎర్ర గీత తర్వాత క్యాలెండరులో అంకెలు మెల్లగా పెరిగాయి. 401, 409, 420. ఇరవై ఒకటో వారంలో పిల్ల రాత్రి ముద్ద చూసి మొహం తిప్పుకుంది, సిరంజి మూతి కొరికి గట్టు మీంచి కిందికి తోసింది. ఇప్పుడు దానికి ఏడాదిన్నర. మాటలింకా రాలేదు. ఒక్క శబ్దం మాత్రం అచ్చుగుద్దినట్టు చేస్తుంది, తూకం ఆన్ చేస్తే వచ్చే బీప్. రోజూ పొద్దున ఆరున్నరకు, మా బావ లేచినా లేవకపోయినా, రెండుసార్లు.